పచ్చి మంచినీళ్ళు ముట్టనన్న మనిషితో సముద్రానికి

మా బావగారికి సీనరీల పిచ్చి పట్టిందంటే ఉదయగిరి బజారులో ఎవరూ నమ్మలేదు. బావగారంటే మా ఆయనకు అన్న. ఉమ్మడి కుటుంబం, హోల్‌సేల్ కిరాణా కొట్టు, పెత్తనమంతా ఆయనది. తెల్లారి లేస్తే ఎదురుగా అంత పెద్ద కొండ, దాని నెత్తిన కోట. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు. అట్లాంటి మనిషి తొంభైల్లో ఒక ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నెల్లూరు పోయి కెమెరా కొనుక్కొచ్చాడు. దాంతోపాటు ఎవరో ట్రావెల్స్ వాళ్ళ రంగుల కాగితం ఒకటి తెచ్చాడు. ఒక్క రోజులో సముద్రం, ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, పక్షులు, అన్నీ చూపిస్తారట.

"జనంతో కలిసి బస్సులో ఇరుక్కొని పోయేది కాదు ఇది. ప్రైవేటు. మన కుటుంబానికే వాన్. డ్రైవరే దగ్గరుండి అన్నీ చూపిస్తాడు" అని కొట్లోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. కందిపప్పు కోసం వచ్చినవాడు కూడా సముద్రం సంగతి విని పోవాల్సిందే.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? నేను పుట్టి పెరిగిందే సముద్రం ఒడ్డున. మైపాడుకు ఇవతల చిన్న పల్లె మాది. మా నాయనకు ఆ పల్లెలో ఒక కొట్టు, ఊరి వెనక కాస్త సరుగుడు తోట. ఈయన డబ్బు పోసి చూడబోయే సీనరీలో నేను పెళ్ళయ్యేదాకా బట్టలు ఆరేసుకున్నాను. ఆ ఇంటి గడప తొక్కి ఏడాది దాటింది. తొక్కనివ్వనిది ఈయనే.

కారణం చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం నష్టం లేదు. మా పెళ్ళిలో మా నాయన మేళం వెంటబెట్టుకుని మగపెళ్ళివారి విడిదికి పోయి, "అందరూ భోజనాలకు లేవండి" అని పిలిచాడు. ఆ సమయానికి బావగారు విడిది వెనక స్నానం చేస్తున్నాడట. తనను విడిగా, చెయ్యి పట్టుకుని పిలవలేదని అలిగి మొదటి పంక్తికి రాలేదు. రెండో పంక్తికి వచ్చి కూర్చునేసరికి బూరెలు అయిపోయాయి. మా వాళ్ళు లడ్డు వేశారు. అంతే! విస్తరి ముందు నుంచి దిగ్గున లేచి, "ఈ జన్మలో మీ ఇంట పచ్చి మంచినీళ్ళు ముట్టను" అని నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడు. మా నాయనకూ నోరు తక్కువేం కాదు. "ముట్టబాకండి. మాకు నీళ్ళు మిగులుతాయి" అన్నాడు. నాకీ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరు మగవాళ్ళు ఒక బూరె దగ్గర పంతాలకు పోతే తలుపు మూసుకున్నది నాకు. పిలిస్తే తప్ప పోకూడదని వీళ్ళు, మాట వెనక్కి తీసుకుంటే తప్ప పిలవమని వాళ్ళు. ఈలోపు నాకు నెల తప్పింది. టూరు నాటికి ఐదో నెల. మాలో తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలో అమ్మ చలిమిడి, గాజులు తెచ్చి ఒడి నింపి తీసుకుపోవాలి. ముచ్చట కోసం కాదు నా ఆరాటం. నాకు భయం. కాన్పంటే చచ్చేంత భయం. అత్తవారింట్లో నొప్పి అని మూలిగితే, "మేమంతా కనలేదా" అంటారు. అమ్మ దగ్గరైతే నోరారా ఏడవొచ్చు. నాకు కావలసింది అంతే, ఆ ఏడ్చే చోటు.

ఆ మాట అత్త మెల్లగా బావగారి చెవిన వేసింది. ఆయన తక్కెడలో రాయి వేసినట్టు తేల్చేశాడు. "నేను వాళ్ళ నీళ్ళు ముట్టిన రోజు పంపిస్తా. అందాక ఆ ఊసెత్తబాకండి."

మరి మా ఆయన? అన్న దగ్గితే ఈయన గొంతు సవరించుకుంటాడు. "అన్న చెప్తాడులే," "అన్నను అడుగుదాంలే," "అన్నకు కోపం వస్తుందేమో." పెళ్ళయిన కొత్తలో ఇదంతా వినయం అనుకున్నాను. పెద్దలంటే గౌరవం ఉన్న మనిషి దొరికాడని మురిసిపోయాను కూడా. నా మొహం.

టూరుకు నన్ను తీసుకుపోవడానికి అత్త ఒప్పుకోలేదు. "కడుపుతో ఉండే పిల్ల సముద్రం గాలికి యాడికి?" అంది. వాన్‌కు మనిషి తగ్గినా ఇచ్చే డబ్బు తగ్గదని బావగారు పట్టుబట్టాడు. చివరికి అత్త నా కొంగున ఒక ఇనుప మేకు, రెండు వేపాకు రెబ్బలు ముడేసింది. చీకటితోనే బయల్దేరాం. బావగారు, ఆయన భార్య, వాళ్ళ ఇద్దరు పిల్లలు, అత్త, మా ఆయన, నేను. తోడికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. వెనక సీటు కింద పులిహోర గిన్నె, పెరుగన్నం గిన్నె, ఇంటి నుంచి పట్టుకొచ్చిన రెండు క్యాన్ల మంచినీళ్ళు. "ఆ పక్కంతా ఉప్పు నీళ్ళు, నోట్లో పెట్టలేం" అని బావగారే దగ్గరుండి నింపించాడు.

ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ఇడ్లీలకు ఆగాం. సాంబారు చల్లగా ఉందని బావగారు హోటలు వాడితో తగువు పెట్టుకున్నాడు. నెల్లూరు దాటాక డ్రైవరు వెనక్కి తిరిగి, "మైపాడు కాడ జనం జాస్తి సార్. దానికి ఇవతల ఒక జాగా ఉండాది. తోటలు, తిన్నెలు, నరమానవుడు కనపడడు. బెస్ట్ సీనరీ" అన్నాడు. బావగారు సరేనన్నాడు.

వాన్ తారు రోడ్డు దిగి ఇసుక బాటలోకి తిరగ్గానే కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. ఆ మలుపు నాకు తెలుసు. ఆ తోట తెలుసు. వీళ్ళు పెళ్ళికి వచ్చింది ఊరి ముందు రోడ్డు మీద నుంచి, అదీ రాత్రి పూట, బ్యాండు మోతలో. సముద్రం పక్క నుంచి చూస్తే అదే ఊరని వీళ్ళకు తెలిసే దారి లేదు. తోటకు అవతల మా ఇల్లు. కేకేస్తే వినపడేంత దూరం. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నన్నెరిగిన వాళ్ళెవరైనా ఆ ఘడియ నన్ను చూసుంటే జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూసేవాళ్ళు.

ఒడ్డుకు చేరామో లేదో బావగారు అందరినీ వరసగా నిలబెట్టాడు. సముద్రం వెనక పడాలట, ఒకరి నీడ ఒకరి మీద పడకూడదట. ఇసుక మీద ఎండ జిగేలుకు కళ్ళు చిట్లించి నిలబడ్డాం. "నవ్వండి, ఏంది ఆ మొహాలు? డబ్బులు పోసి వచ్చినాం" అని ఒకటే అరుపు. మేము సముద్రానికి వీపు తిప్పి ఆయనను చూడటం, ఆయన ఒంటి కన్నుతో మమ్మల్ని చూడటం, ఇంతే సీనరీ. కాస్త నీళ్ళలో కాళ్ళు తడుపుకుంటానంటే, "నువ్వు కదలబాక, ఫోటోలో చెయ్యి ఊగిపోతుంది" అన్నాడు. నాకు వచ్చిన కోపానికి ఆ కెమెరా తీసి అలల్లో విసిరేయాలనిపించింది.

తర్వాత పిల్లలూ ఆయనా మా ఆయనా స్నానాలకు దిగారు. బయటికి వచ్చాక ఒళ్ళంతా ఇసుక, ఉప్పు, దురద. "ఇట్లా ఎక్కితే వాన్ సీట్లు పాడైపోతాయి, డ్రైవరు గొడవ చేస్తాడు" అని బావగారు మంచినీళ్ళ క్యాను ఎత్తి పిల్లల నెత్తిన పోయించాడు. ఒకటి చాల్లేదు. రెండోది తన నెత్తిన పోసుకున్నాడు. అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. "తాగేదానికి ఏం చేస్తారు?" అంటే, "ఇసుక ఉండాది గదా, నీళ్ళకేం కరువు? చెలమ తీస్తే సరి" అన్నాడు.

ఉదయగిరి పక్క మెట్ట ఊళ్ళలో వేసవికి ఏరు ఎండిపోతే ఇసుకలో చెలమ తీస్తారు. చేతులతో గుంట చేస్తే అడుగున తియ్యటి నీళ్ళు ఊరతాయి. తడి ఇసుక కనపడితే కింద మంచినీళ్ళే అని వాళ్ళకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. అది ఏరు, ఇది సముద్రం అన్న తేడా ఆయన లెక్కలో లేదు. అలలు వచ్చిపోయే చోట గొంతుక్కూర్చుని అన్నదమ్ములిద్దరూ కుక్కలు కాళ్ళతో తవ్వినట్టు తవ్వారు. నీళ్ళు ఊరాయి. "చూసినారా?" అని బావగారు మీసం దువ్వి, చిన్నవాడికి దోసిట్లో పోశాడు. వాడు గుటకేసి, తిన్న ఇడ్లీలన్నీ అక్కడే కక్కాడు.

"అక్కడ కాదు" అన్నాను. ఇక ఆగలేకపోయాను. "తిన్నె దాటి తోటలోకి పోతే దొరువు ఉంటుంది. దాంట్లో నీళ్ళు తియ్యగా ఉంటాయి." దొరువంటే తిన్నెల వెనక ఇసుకలో తవ్వుకునే గుంట. సముద్రానికి అంత దగ్గరగా కూడా అందులో వాన నీళ్ళు నిలిచి ఉంటాయి.

"నీకెట్లా తెలుసు?" అన్నాడు బావగారు.

"అది మా నాయనది."

అందరూ ఒక్కసారి తోట వైపు చూశారు. బావగారి మొహం మాడిపోయింది. డ్రైవరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇదంతా నేనే పన్నిన పన్నాగం అనుకున్నాడు. "ఆ నీళ్ళు ఎవురూ ముట్టగూడదు" అన్నాడు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

అప్పుడు తిన్నె మీద మా అమ్మ కనిపించింది. వాన్ రావడం తోటలో పుల్లలేరుకునే వాళ్ళెవరో చూసి చెప్పారట. చంకలో బిందె, చేతిలో చెంబు. ఏడాది తర్వాత చూశాను. చిక్కిపోయింది. పరుగెత్తుకుపోయి మెడ పట్టుకోవాలనిపించింది. ఆమె మాత్రం అల్లంత దూరంలోనే ఆగిపోయింది. పిలవకుండా దగ్గరికి వస్తే మళ్ళీ ఏం తప్పు పడతారోనని.

"బిడ్డలు ఏడస్తా ఉండారు. వాళ్ళకన్నా పోస్తాను వదినా" అంది మా అత్తతో.

అక్క భర్త మొహం వైపు కూడా చూడలేదు. పిల్లలిద్దరి రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోయి తాగించి, తనూ దోసిలి పట్టింది. తర్వాత నేను తాగాను. మా అమ్మ నీళ్ళు పోస్తూ నా కడుపు వైపే చూసింది. దోసిలి తప్పి సగం నీళ్ళు నా చీర మీద పడ్డాయి. చివరికి అత్త లేచి, "ఒట్టు పెట్టింది వాడు, నేను కాదు గదా" అని గొణుక్కుంటూ వచ్చి తాగింది. అన్నదమ్ములిద్దరే మిగిలారు. బావగారు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన పక్కనే మా ఆయన, పెదాలు ఎండి తెల్లగా అయిపోయి.

"ఏడో నెలలో చలిమిడి తెచ్చుకోమంటారా వదినా?" అని మా అమ్మ అడిగింది. అడుక్కున్నట్టే అడిగింది.

"పెద్దోడు చెప్పాల" అంది అత్త.

పెద్దోడు ఇటు తిరగకుండానే చెప్పాడు. "నేను చెప్పిందే చెప్పినా. ఆ నీళ్ళు నేను ముట్టిన రోజు పంపిస్తా."

మా అమ్మ బిందె ఎత్తుకుని తిన్నె దిగి తోటలోకి వెళ్ళిపోయింది.

పులిహోర తిన్నాం. దాహంతో ఉన్నవాడు పులిహోర తింటే ఎట్లా ఉంటుందో ఆలోచించుకోండి. బావగారు రెండు ముద్దలు మింగి, "పక్షుల్ని ఫోటో తీసుకొస్తా" అని కెమెరా మెళ్ళో వేసుకుని తోట వైపు పోయాడు. ఎంతకీ రాలేదు. డ్రైవరు తొందర పెడుతుంటే పిలుచుకురావడానికి మా ఆయన లేచాడు. నేనూ వెంట వెళ్ళాను.

సరుగుడు చెట్ల మధ్య నుంచి దొరువు కనిపించింది. గట్టు మీద మా అమ్మ వంగి చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఎదురుగా గొంతుక్కూర్చుని బావగారు దోసిలి పట్టి తాగుతున్నాడు. ఒక చెంబు కాదు, పోసే కొద్దీ తాగాడు. గొంతు కిందికీ పైకీ ఆడటం కనిపించింది. మీసం మీద నీళ్ళు తుడుచుకుని ఏదో చెప్పాడు. మా అమ్మ తల ఊపింది. ఆయన లేచి, కెమెరా సర్దుకుని, మాకు అవతలి దోవన వాన్ వైపు నడిచాడు.

నా పక్కనే మా ఆయన. ఇద్దరం అదే చూశాం. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. నేను మా ఇంటికి పోతాను! నీళ్ళు ముట్టాడు, ఒట్టు తీరింది, నన్ను పంపించి తీరాలి. ఆయన నోటితో ఆయనే చెబితే మర్యాదగా ఉంటుందని అప్పటికి ఊరుకున్నాను. "మీరూ పోయి తాగండి" అన్నాను మా ఆయనతో. "అన్న చెప్పలేదు గదా" అన్నాడు. ఆ సంతోషంలో ఆ మాట కూడా పట్టించుకోలేదు.

అందరం వాన్ ఎక్కాం. బావగారు ముందు సీట్లో కూర్చుని పక్షుల గురించి చెబుతున్నాడు. వాన్ తోట బాటలో మెల్లగా కదిలింది. ఆయన చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూశాను. తారు రోడ్డు వచ్చేస్తోంది.

"బావగారూ, ఏడో నెలలో మా అమ్మను రమ్మంటారా?" అన్నాను.

"నీకు ఎన్ని తూర్లు చెప్పాల?"

"మీరు తాగినారు గదా. దొరువు కాడ, మా అమ్మ చేతి నీళ్ళు."

బావగారు వెనక్కి తిరిగాడు. "నేనా? నేను ఒంటికి పోయినా. ఏంది తల్లీ కూతుళ్ళు కలిసి నాటకాలు?" మీసం చివర ఇంకా తడి ఆరలేదు.

"నేనొక్కదాన్నే కాదు, మీ తమ్ముడూ చూసినాడు. అడగండి."

అందరూ మా ఆయన వైపు తిరిగారు. అత్త, అక్క, పిల్లలు, డ్రైవరు అద్దంలో నుంచి. నా కాన్పు, నా భయం, మా అమ్మ చలిమిడి, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. నెల తప్పిన దగ్గర్నుంచి రోజూ చెవిలో పోస్తున్నాను. ఆయన అన్న మొహం చూశాడు. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేను చూడలేదు" అన్నాడు.

అప్పటిదాకా నా కోపమంతా బావగారి మీద. ఆయన దొంగే. కానీ దాహానికి తలవంచాడు, పరువుకు అబద్ధమాడాడు, అది నాకు అర్థమవుతుంది. ఈయనకు ఏం పోయేది? నాలుక ఎండిపోయి, కళ్ళెదుట చూసింది చూడలేదనడానికి ఎంత పిరికితనం ఉండాలి? ఆ క్షణాన నాకు బావగారు గుర్తే లేడు.

"ఆపు" అన్నాను డ్రైవరుతో. ఆపలేదు. తలుపు పట్టుకుని లాగాను. అప్పుడు ఆపాడు. చెప్పులు చేత పట్టుకుని దిగాను.

"యాడికే?" అంది అత్త.

"మా ఇంటికి."

"ఐదో నెలలో పోగూడదే! ఏడో నెల రావాల, చలిమిడి పెట్టాల..." అని అత్త కిటికీలోంచి అరుస్తూనే ఉంది. మా ఆయన సగం లేచి నిలబడ్డాడు.

"ఇందాక చూడలేదు గదా" అన్నాను. "నేను పోతున్నా. ఇదన్నా కళ్ళు తెరిచి చూడండి."

తిరిగి చూడకుండా నడిచాను. వెనక హారన్ మోగింది, మోగి మోగి ఆగిపోయింది. తర్వాత వాన్ తారు రోడ్డెక్కిన చప్పుడు వినిపించింది. మా అమ్మ ఇంకా దొరువు గట్టు మీదే కూర్చుని ఉంది. ఒళ్ళో తలపెట్టి, పెళ్ళయిన దగ్గరనుంచి దాచుకున్నదంతా ఏడ్చాను.

"ఆయన నీతో ఏమన్నాడమ్మా?" అని అడిగాను.

"ఎవురికీ చెప్పబాక అత్తా అన్నాడు. చెప్పనని మాట ఇచ్చినా" అంది. మా అమ్మ మంచితనం చూస్తే కూడా నాకు ఒళ్ళు మండింది.

కూతురు మా ఇంట్లోనే పుట్టింది. పురిటి నొప్పులకు ఊరు దద్దరిల్లేట్టు అరిచాను. ఎవరూ ఏమీ అనలేదు. పురుడుకు ఉదయగిరి నుంచి ఎవరూ రాలేదు. బిడ్డ మెడ నిలబెట్టాక ఒక మధ్యాహ్నం మా ఆయన ఒక్కడే బస్సు దిగి వచ్చాడు, చేతిలో బొమ్మతో. నాయన కొట్లో ఉన్నాడు. అమ్మ మంచం వాల్చి, ఎవరొచ్చినా ఇచ్చినట్టే చెంబుతో మంచినీళ్ళు ఇచ్చి లోపలికి పోయింది.

ఆయన చెంబు చేతిలో పట్టుకుని వీధిలోకి అటొకసారి, ఇటొకసారి చూశాడు. ఎవరూ లేరు. గటగటా తాగేశాడు.

మూతి తుడుచుకుని, "బిడ్డనియ్యి" అని చేతులు చాపాడు.

బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. "మీ అన్నను పిలుచుకొని రాండి" అన్నాను. "ఆయన చూస్తా ఉండగా ఇస్తాను."